కంటలం తాడు నుంచి రాచెట్ బెల్టు దాకా



పలమనేరు నుంచి చిత్తూరు పోయే దారిలో మొగిలి కనుమ వున్నది. ఆ కనుమను గురించి మీకు కొత్తగా చెప్పవలసిన పని లేదు. పలమనేరు సముద్ర మట్టానికి సుమారు 680 మీటర్ల ఎత్తున వుంటే, చిత్తూరు ఇంచుమించు అందులో సగం ఎత్తున వున్నది. ఆ తేడాలో చాలా భాగం ఈ కనుమలోనే దిగిపోవలె. టొమాటో పెట్టెలు వేసుకొని చెన్నై వైపు పోయే ప్రతి బండీ ఈ దిగుడు దిగవలసిందే. దిగేటప్పుడు డ్రైవరు బ్రేకు మీద కాలు వేస్తాడు. బండి ఆగుతుంది. మరి బండి మీద వున్న సరుకు ఆగుతుందా? అది కట్టును బట్టి వుంటుంది. ఈ కనుమ ఎంత కఠినమైనదో 2024 సెప్టెంబరులో జరిగిన బస్సు ప్రమాదం తరువాత ఎవరికీ వేరే చెప్పనక్కర లేదు.

ఈ కట్టు అనే పని నిన్న మొన్నటిది కాదు. ఈ దారిలోనే దానికి పెద్ద చరిత్ర వున్నది. ముందు అది చెప్పి, తరువాత ఇప్పుడు మనం కొంటున్న బెల్టుల దగ్గరికి వస్తాను.

బండ్లు పోయే బాటలు లేని రోజుల్లో సరుకంతా ఎద్దుల వీపు మీదనే పోయేది. ఉప్పు, ధాన్యం, పత్తి, అన్నీ అంతే. లంబాడీలు, అంటే మన వైపు సుగాలీలు అనేవాళ్ళు, వందల కొద్దీ పెరిక ఎద్దులను తోలుకొని కనుమలు ఎక్కి దిగేవాళ్ళు. ఎద్దు వీపు మీద అటొక సంచి, ఇటొక సంచి వేలాడేట్టు వేసే జంట గోనెను కంటలం అంటారు. దానిని ఎద్దుకు బిగించి కట్టరు. బిగిస్తే తోలు ఒరుసుకొని పుండు పడుతుంది, ఎద్దు పది రోజులకు పనికి రాకుండా పోతుంది. మరి జారి పడదా? పడదు. రెండు వైపులా బరువు సమానంగా వుండడమే దాని కట్టు. తాడు అక్కడ తోడుకు మాత్రమే. సాయంత్రం మజిలీలో ఇద్దరు మనుషులు చెరొక వైపు పట్టి ఒక్కసారిగా ఎత్తితే కంటలం దిగిపోయేది. ముడి విప్పే పని కూడా పెద్దగా లేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని అవసరం వస్తుంది.

1791 ఫిబ్రవరిలో కారన్ వాలీసు దొర టిప్పు సుల్తాను మీదికి పోతూ తన సైన్యాన్ని ఈ మొగిలి కనుమ గుండానే ఎక్కించినాడు. ఇంగ్లీషువాళ్ళు దీనిని 'ముగ్లీ' అని రాసుకొన్నారు. ఆంబూరు వైపు పోతున్నట్టు నటించి, వేలూరు నుంచి ఉత్తరంగా తిరిగి, ఈ కనుమ ఎక్కి, ముళబాగిలు, కోలారు మీదుగా మార్చి 5వ తేదీకి బెంగుళూరు ముందు దిగినాడు. మార్చి 21న కోట పడిపోయింది. కోటగోడలు కొట్టే పెద్ద ఫిరంగులు కూడా ఆ సైన్యంతో వచ్చినాయి. వాటిని లాగింది ఎద్దులు, వాటికి కట్టింది మోకులు. ఆ యుద్ధంలో సైన్యానికి ధాన్యం అందించిన వాళ్ళలో ముఖ్యులు ఈ పెరిక ఎద్దుల లంబాడీలే. చరిత్ర పుస్తకాలలో దొరల పేర్లు కనిపిస్తాయి గానీ, ఆ కంటలాలు సరిచూసి ఎత్తినవాళ్ళ పేర్లు ఒక్కటీ కనిపించదు.

తరువాత రెండెద్దుల బండి. బండి వచ్చేసరికి తూకం సంగతి మారింది. అటూ ఇటూ సమానంగా వుంటే చాలదు, ముందూ వెనకా కూడా చూసుకోవలె. ముందు బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. వెనక ఎక్కువైతే నొగలు పైకి లేచి మెడపట్టెడ గొంతుకు బిగుస్తుంది. దిగుడులో సరుకు ఒక జానెడు ముందుకు జరిగినా మెడ మీది బరువు మారిపోతుంది. అందుచేత బండి మీద కట్టు గట్టిగా వుండవలసి వచ్చింది. బెంగుళూరు ఐ.ఐ.ఎం. తొలి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి గారు 1970ల నుంచి ఎద్దుబండ్ల మీద చాలా కృషి చేసినారు. ఎద్దు మెడ మీద పడే బరువు ఆయన ముఖ్యంగా పట్టించుకొన్న విషయాలలో ఒకటి.

అప్పటి బండివాళ్ళు కట్టు బిగించే ఉపాయం ఒకటి వుండేది, ఇప్పటికీ గడ్డిమోపుల బండ్ల మీద చూడవచ్చు. మోకును సరుకు మీదుగా వేసి రెండు కొసలూ కింద కట్టి, మధ్యలో ఒక కర్ర దూర్చి మెలి తిప్పుతారు. నాలుగు మెలికలు పడేసరికి మోకు తంతి మాదిరి మోగుతుంది. తరువాత ఆ కర్రను వెనక్కు తిరగకుండా ఇంకొక చిన్న తాడుతో పక్కకు కట్టేస్తారు. ఇప్పటి రాచెట్ బెల్టుకు తాత ఈ మెలికర్రే. చేత్తో లాగగలిగే బలం కంటే ఎన్నో రెట్లు బలం పుట్టించడం, పుట్టిన బలాన్ని వెనక్కు పోకుండా నిలపడం, రెండు పనులూ ఇందులో వున్నాయి. ఒక ప్రమాదం కూడా వున్నది. కర్ర చెయ్యి జారితే గిర్రున తిరిగి ముఖానికి తగులుతుంది. అట్లా పళ్ళు పోగొట్టుకొన్నవాళ్ళు మీ వూళ్ళో కూడా వుండవచ్చు.

తాళ్ళు ఎక్కడివి? జనుము చేలోదే. కొబ్బరి పీచు తూర్పు కోస్తా నుంచి వచ్చేది. మన రాయలసీమలో ఎక్కువ పేరు కిత్తనారకు. ఈ కిత్తలి మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. రైలు కట్టల వెంట కంచెగా విస్తారంగా నాటినారు. ఆకు నీళ్ళలో నానవేసి, బాది నార తీసి పేనుకొనేవాళ్ళు. నారల బలం ఎంత అనేది మొదట శ్రద్ధగా కొలిచినవాళ్ళలో రాక్స్‌బర్గు దొర ఒకడు. ఆయన 1781 నుంచి గోదావరి సీమలోని సామర్లకోటలో వుండి మన మొక్కల తెలుగు పేర్లు రాసుకొన్నవాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి పోయినాడు. వేరు వేరు నారలతో తాళ్ళు పేనించి, తడివీ పొడివీ విడివిడిగా బరువులు వేలాడదీసి, ఏ బరువుకు తెగుతుందో పరీక్ష చేసినాడు. మనకు ఇప్పుడు కావలసిందీ ఆ బుద్ధే. తాడు గట్టిదా కాదా అని చేతితో లాగి చూస్తే తెలియదు, తూకం వేస్తేనే తెలుస్తుంది.

నారతాడు తడిస్తే లావై, పొట్టిదై, బిగుస్తుంది. ఆరితే వదులవుతుంది. వానలో కట్టిన బండి ఎండలోకి వచ్చేసరికి కట్టు వదులై సరుకు జరిగేది అందుకే.

1864లో మద్రాసు నుంచి బెంగుళూరుకు రైలు పూర్తయింది. అది కుప్పం మీదుగా పోయింది. పలమనేరుకు రాలేదు. ఆ ఒక్క కారణం చేత ఈ వూరి సరుకు బండి మీదనే ఆధారపడి వుండిపోయింది. తరువాత మోటారు లారీ మీద ఆధారపడింది. బెల్లం గానీ, పట్టుగూళ్ళు గానీ, ఈ ప్రాంతపు కుమ్మరుల మట్టిసామాను గానీ, టొమాటో గానీ, అన్నీ రోడ్డు మీదనే. లారీ వచ్చిన తరువాత కట్టు క్లీనరు చేతిలోకి పోయింది. క్లీనరు వేసే ముడిని మీరు చూసే వుంటారు. తాడు మధ్యలో ఒక వుచ్చు వేసి, కొసను లారీ కింది కొక్కానికి తిప్పి, మళ్ళీ ఆ వుచ్చులో దూర్చి కిందికి లాగుతాడు. లెక్క ప్రకారం ఒకటికి మూడు రెట్లు బలం రావలె. తాడు మీద తాడు రాసుకోవడంలో అందులో మంచి భాగమే పోతుంది. అదీగాక ఏ తాడైనా ముడి పడిన చోట దాని బలం ఇంచుమించు సగానికి తగ్గిపోతుంది. తెగిన తాడును ఎప్పుడైనా చూడండి, ముడి పక్కనే తెగి వుంటుంది.

ఇక నూలూ నారా కాని దారాలు. 1935లో అమెరికాలో కరోథర్సు నైలానును, 1941లో ఇంగ్లాండులో విన్‌ఫీల్డు, డిక్సను పాలియెస్టరును కనిపెట్టినారు. పాలీప్రొపిలీను 1957 నుంచి ఫ్యాక్టరీలలో తయారైంది. మన అంగళ్ళలో పచ్చగా, నీలంగా తళతళలాడే చౌక ప్లాస్టిక్ తాడు చాలా వరకు ఈ చివరిదే. అది తేలిక, కుళ్ళదు. కానీ ఎండకు పెళుసెక్కుతుంది. చేతికి పొడి రాలిందంటే దాని పని అయిపోయినట్టే. నైలాను చాలా గట్టిది, అయితే సాగుతుంది. సాగే తాడు సరుకు కట్టడానికి పనికి రాదు, బండి కుదిపినప్పుడల్లా సరుకుకు చోటు ఇస్తుంది. పాలియెస్టరు తక్కువ సాగుతుంది, తడిసినా బలం తగ్గదు. అందుకే లారీ బెల్టులు దానితో నేస్తారు.

యూరపు దేశాలవాళ్ళు 2000 సంవత్సరంలో ఈ బెల్టులకు ఒక ప్రమాణం పెట్టినారు, దాని పేరు ఇ.ఎన్. 12195, రెండవ భాగం. బెల్టుకు కుట్టిన చీటీ నీలం రంగుదైతే పాలియెస్టరు, ఆకుపచ్చదైతే నైలాను జాతి, గోధుమ రంగుదైతే పాలీప్రొపిలీను. చీటీ మీద రెండు అంకెలు ముఖ్యం. ఒకటి ఎల్.సి., అంటే బెల్టు తిన్నగా లాగినప్పుడు పట్టి వుంచదగిన బలం. రెండవది ఎస్.టి.ఎఫ్., అంటే చేత్తో పిడిని 50 కిలోల పాటి బలంతో లాగి వదిలిన తరువాత బెల్టులో నిలిచే బిగువు. మనవాళ్ళు మొదటి అంకె చూసి మురిసిపోతారు. అంగడివాడు కూడా అదే చూపుతాడు. రెండవ దాన్ని ఎవరూ చూడరు. నిజానికి సరుకు మీదుగా వేసి బిగించే కట్టులో పని చేసేది ఈ రెండవ అంకె.

ఒక లెక్క వేసి చూద్దాం. 1,000 కిలోల పెట్టెలు బండి మీద వున్నాయి. గట్టిగా బ్రేకు వేస్తే సరుకు తన బరువులో పదింట ఎనిమిది వంతుల బలంతో, అంటే 800 కిలోల బలంతో ముందుకు తోస్తుంది. రేకు నేల మీద ప్లాస్టిక్ పెట్టెకు పట్టు బరువులో అయిదో వంతు అనుకుందాం, అది 200. ఇంకా 600 మిగిలింది. 2,500 అని గొప్పగా రాసిన బెల్టుకు ఎస్.టి.ఎఫ్. 300 అయితే, అది అటు 300, ఇటు 300, మొత్తం 600 కిలోలు కిందికి నొక్కుతుంది. ఆ నొక్కుడు వల్ల వచ్చే పట్టు అందులో అయిదో వంతు, 120 మాత్రమే. అంటే అయిదు బెల్టులు కావలె! బెల్టు నిలువుగా కాక వాలుగా దిగితే నొక్కుడు ఇంకా తగ్గుతుంది, నేలకు 30 డిగ్రీల వాలుకు సగమే. ఇప్పుడు అదే నేల మీద జారని రబ్బరు చాప పరచండి. పట్టు పదింట ఆరు వంతులకు పెరుగుతుంది. 600 వూరికే వచ్చింది, మిగిలిన 200కు ఒక్క బెల్టు చాలుతుంది, ధైర్యానికి రెండు వేసుకోండి. చాప అడుగు వరుసనే ఆపుతుంది. పై వరుసల కోసం పెట్టెలు ఒకదానిలో ఒకటి కూర్చునేవిగా వుండవలె, ముందు పలకకు సందు లేకుండా ఆనించవలె. బెల్టుకు పెట్టే డబ్బులో కొంత నేలకు పెట్టమని నేను చెప్పేది ఇందుకే.

ఇక మార్పుల సంగతి. 2005లో టాటా ఏస్ వచ్చింది. తరువాత చిన్న బండ్లు, పికప్పులు వూరూరికీ వచ్చినాయి. బెల్టులేమో పెద్ద లారీ కోసం తయారైనవి, పొడుగు తొమ్మిది మీటర్లు, కొక్కెం లావు. అదే బెల్టు నేడు చిన్న బండికి, రేపు ట్రాక్టరు ట్రాలీకి, ఎల్లుండి పంపుసెట్టు తీసుకుపోయే ఆటోకు వాడవలె. కాబట్టి రైతు దానిని మార్చుకొంటాడు. ఇది తప్పు కాదు. కంటలం కాలం నుంచి సరుకు కట్టేవాడు తన తాడును తానే సవరించుకొన్నాడు. అయితే తాడు తెగే ముందు వదులై, పురులు లేచి, చెప్పి తెగేది. బెల్టు కుట్టు వూడేటప్పుడు చెప్పదు.

పొడుగు ఎక్కువైతే కొక్కెం లేని ఖాళీ కొసను కోసుకోవచ్చు. అక్కడ కుట్టు లేదు, బలం పోయేదీ లేదు. కోసిన అంచును మంటకు చూపి కరిగించండి, పోగులు లేవవు. ఎంత కోసినా రాచెట్ ఇరుసు మీద రెండు చుట్లు పడేంత మిగలవలె. మూడు చుట్లకు మించి కూడా పడరాదు, మించితే పళ్ళు ఇరుక్కొని విప్పడం కష్టమవుతుంది. కోసిన ముక్కను మరొక ముక్కకు ముడి వేసి బెల్టుగా వాడవద్దు. టార్పాలిను అంచు కట్టుకోండి, గేటు కట్టుకోండి.

కొక్కెం పట్టకపోతే మనవాళ్ళు దాన్ని సుత్తితో వెడల్పు చేస్తారు, లేదా వెల్డింగు పెట్టిస్తారు. రెండూ చెడ్డ పనులే. ఆ ఇనుము కాల్చి గట్టి చేసినది, మళ్ళీ కాలిస్తే ఆ గట్టిదనం పోతుంది. మార్చవలసింది కొక్కెం కాదు, కొక్కెం తగిలించే చోటు. ట్రాలీ అడుగు దూలాలకు మంచి కడియాలు వేయించండి. పక్క రేకుకు వేయిస్తే రేకు చిరుగుతుంది. సొంత బండి కాకపోతే, చీటీ వున్న చిన్న గుడ్డ వలయం కొని కమ్మీకి చుట్టి, అందులో కొక్కెం తగిలించండి. ఆ వలయం ఏ బండికైనా వస్తుంది. కడియం లేని చోట, కొక్కెం సన్నగా వున్న చోట ఇంతకు మించిన సవరణ నాకు తెలియదు.

కుట్టు సంగతి దాపరికం లేకుండా చెప్పవలె. బస్టాండు దగ్గర సీటు కుట్టే అంగళ్ళలో బెల్టు కొస మడిచి కుట్టి ఇస్తారు. చూడడానికి అచ్చు కంపెనీ కుట్టు మాదిరే వుంటుంది. నూలు దారం వేసినారా, పాలియెస్టరు దారమా, ఎన్ని పోగులు పోయినాయి, సూది నేతను ఎంత కోసింది, ఇవి కంటికి కనిపించవు. బెల్టు బలం నేతలో వుంటుంది, కట్టు బలం ఆ కుట్టులో వుంటుంది. చేసినవాణ్ణి తప్పు పట్టను, అతనికి పరీక్షించే సాధనం లేదు. అట్లా కుట్టిన దానిని పరుపులకు, ఖాళీ పెట్టెలకు వాడుకోండి. కనుమ దిగే సరుకుకు వద్దు. వెనక మోటారు సైకిలు మీద భార్యాబిడ్డలతో వచ్చేవాడికి మీ బెల్టు కథ తెలియదు. పాత కార్ల సీటు బెల్టులు కూడా అంతే. అవి మనిషి రొమ్ము విరగకుండా కొంచెం సాగేట్టుగా నేసినవి.

పెట్టె అంచులకు బెల్టు ఒరుసుకోకుండా, ప్లాస్టిక్ పైపును నిలువునా చీల్చి మూలకు బోర్లించండి. బెల్టు దాని మీద నున్నగా జారి రెండు వైపులా బిగువు సమానమవుతుంది. పట్టుగూళ్ళ మీద నేరుగా బెల్టు వేయకండి. లోపలి పురుగు నలిగి గూడు మరకపడితే ధర పడిపోతుంది. పలకలు అడ్డం పెట్టి వాటి మీద బిగించండి. సున్నం, సిమెంటు మోసిన తరువాత బెల్టును మంచినీళ్ళతో కడిగి నీడన ఆరవేయండి, ఆ క్షారం పాలియెస్టరును తింటుంది. అంచున వెడల్పులో పదో వంతు కోసుకొన్నా, చీటీ వూడిపోయినా ఆ బెల్టు సరుకు కట్టడం మానవలె. పశువులకు రాచెట్ వేయనే వద్దు. పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో పెంచుతున్న పుంగనూరు ఆవు చిన్నది గదా అని ఆటోలో వేసి బెల్టు బిగించేవాళ్ళు వుంటారు. రాచెట్ ఒక పన్ను ఎక్కితే వెనక్కు రాదు, ఆవు పడితే విప్పే వ్యవధి వుండదు.

పాల క్యాన్ల మోటారు సైకిలుకు రాచెట్ అక్కర లేదు. ఇనుప చట్రం మీద అటొకటి ఇటొకటి వేలాడే క్యాన్లను చూడండి, కంటలమే అది! రెండూ సమానంగా నింపితే ఒక చిన్న బెల్టు చాలు. ఒక వైపు నిండుగా, ఒక వైపు సగంగా తెస్తేనే బెల్టు మీద భారం పడుతుంది. కొక్కేలున్న రబ్బరు తాళ్ళు మాత్రం కంటికి దూరంగా వుంచండి.

బండి ఒళ్ళు దాటి పక్కకు, వెనక్కు, పైకి సరుకు పొడుచుకు వస్తే 2019 మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం జరిమానా 20,000 రూపాయలు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. మండీలో వేలాడే కాటా ఒకటి ఎరువు తెచ్చుకోండి. ఒక కొస స్తంభానికి, ఒక కొస కాటాకు కట్టి, రైతుల ఎదుట ముందు చేత్తో లాగించండి, తరువాత మెలికర్ర, తరువాత లారీ ముడి, చివరికి రాచెట్. అంకెలు వాళ్ళే చదువుతారు. అట్లాగే సీటు అంగడిలో కుట్టించిన కొసను కూడా ఒకసారి బిగించి చూపండి, మనుషుల్ని పక్కకు జరిపి సుమా.

బండి బయలుదేరిన తరువాత సరుకు కుదురుకొని బెల్టు వదులవుతుంది, ఎంత బాగా బిగించినా అంతే. పలమనేరులో కట్టుకొన్నవాళ్ళు మొగిలి కనుమ తల దగ్గరికి రాకముందే రోడ్డు వెడల్పుగా వున్న చోట బండి పక్కకు ఆపి, దిగి, ఒక్కొక్క బెల్టును బొటనవేలితో నొక్కి చూడండి. లోపలికి పోయిందంటే పిడి రెండు పళ్ళు ఎక్కించి, కొసను చుట్టి కట్టి, అప్పుడు దిగండి.